ఎడమచేతి గీత

...పోనీ వేళ్ళు మాట వినడం లేదా అంటే, వింటూనే ఉన్నాయి. చూపుడువేలు ముందు, మధ్యవేలు వెనక, మళ్ళీ చూపుడువేలు ముందు. కొత్తగా పెళ్ళయిన జంటలా ఒకదాన్నొకటి వదలకుండా గోడ ఎక్కుతున్నాయి. మోచెయ్యి కూడా ఫరవాలేదు, సణుక్కుంటూనైనా వాటి వెనక పోతోంది. విననిది భుజం. దాన్ని మాత్రం ఆమె ఏమని అంటుంది? భుజం వెళదామనే అంటుంది, చంక వెళ్ళనివ్వదు. అక్కడ గుడ్డ చాలలేదు. ఏ దర్జీని అడిగినా చెబుతాడు, చంక దగ్గర పట్టేసిన చొక్కా తొడుక్కుని చెయ్యెత్తితే చొక్కా అంతా నడుము దగ్గర్నుంచి లేచి వస్తుందని. ఆమెకి చొక్కా కాదు, ఒళ్ళే అలా లేచి వస్తోంది. కోసిన డాక్టరు కుట్టు మాత్రం బాగా కుట్టాడు, వంక పెట్టడానికి లేదు. సన్నగా, వరసగా, మిషన్ కుట్టులా. కానీ తీసేసినంత మేర తీసేశాక మిగిలినదాన్నే లాగి కలపాలి కదా. పెరిగే పిల్లల బట్టలకి లోపల మడిచి కాస్త గుడ్డ వదులుతారు. మనిషిని కుట్టినవాడికి ఆపాటి ముందుచూపు లేకపోయింది.

ముక్కు గోడకి ఆనుతుందేమో అన్నంత దగ్గరగా నిలబడి ఉంది ఆమె. అంత దగ్గర్నుంచి చూస్తే గోడ గోడలా ఉండదు. పైనా కిందా తెలియని ఒక తెలుపు, అంతే. నీ గోడు గోడకి చెప్పుకో అని జనం ఊరికే అంటారు. రోజూ పొద్దున్నే నిజంగా వెళ్ళి చెప్పుకునేవాళ్ళని ఎంతమందిని చూశారు? చూపుడువేలు గోడ మీద నిన్నటి నీలం గీత దగ్గరికి వచ్చి ఆగింది. చంకలోంచి మోచేతి దాకా తీగ ఒకటి బిగిసింది. కర్టెన్ పై అంచున కుట్టే పట్టీలో దారాలుంటాయి, వాటిని లాగితే గుడ్డంతా కుచ్చులు పడుతుంది. కుడి రొమ్ము తీసేసిన కొన్నాళ్ళకి ఎవరో తన లోపల అలాంటి దారం ఒకటి లాగి, ముడి వేసి, చెప్పకుండా వెళ్ళిపోయారు. చర్మం మీద తడిమితే కింద తగులుతుంది కూడా. ఇప్పుడది లాగింది. పొడవలేదు. మధ్యవేలు గీత దాటింది.

ఎడమచేత్తో జేబులోంచి నీలం సుద్దబిళ్ళ తీసింది, గుడ్డ మీద గుర్తులు పెట్టుకునేది. మధ్యవేలి కొసన కొత్త గీత పెట్టి, కింది గీతని మణికట్టుతో చెరిపేసింది.

వంటింట్లోంచి భర్త, దాటావా అని అడిగాడు. దాటానంది. టీ కప్పులో చెంచా తిరిగిన చప్పుడు వినిపించింది.

ఈ గీత పద్ధతి నేర్పింది గోడ మేడం. ఆస్పత్రిలో రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళ చేత వ్యాయామాలు చేయించే ఆవిడ అసలు పేరు అది కాదు. వచ్చిన ప్రతి మనిషినీ గోడ ఎక్కిస్తుందని ఆడవాళ్ళంతా చాటుగా అలా పిలుచుకుంటారు, ఆవిడకీ తెలుసు. పడుకుని కర్రని రెండు చేతులతో తల మీదికి తీసుకుపోవడం, భుజాలు వెనక్కి తిప్పడం, వీపు మీద రెక్కలు రెండూ దగ్గరికి నొక్కడం, అన్నీ చేయించి చివరికి గోడ ముందు నిలబెట్టింది. లాగినట్టుంటే ఆగొద్దు, పొడిచినట్టుంటే దిగిపో, అంది. వేలు ఆగినచోట గీత పెట్టుకో. అంగుళాల లెక్కలు వద్దు, టేపు పట్టుకున్నవాళ్ళంతా నా దగ్గరికొచ్చి ఏడ్చినవాళ్ళే. నిన్నటి గీత ఇవాళ దాటావా లేదా, అంతవరకే చూసుకో.

టేపు మెడలో వేసుకునే బతికిన మనిషికి ఆ మాట మొదట నచ్చలేదు. తరవాత నచ్చింది. ఎంత అన్నది తెలియకపోవడంలో ఒక సుఖం ఉంది. పైకి అన్న ఒక్క మాట చాలు.

రేపు ఆస్పత్రికి వెళ్ళాలి. కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, మొదలయ్యే ముందు బల్ల మీద పడుకోబెట్టి ఒంటి మీద గుర్తులు పెడతారు. అప్పుడు చెయ్యి తలపైకి తీసుకుపోయి, అక్కడున్న దన్ను మీద ఆనించి, కదలకుండా ఉంచాలి. చెయ్యి అడ్డముంటే మిషన్ చూడాల్సిన చోటు చూడలేదు. చెయ్యి లేవకపోతే కరెంటు మొదలు కాదు. కరెంటు మొదలు కాకపోతే... ఆ వాక్యాన్ని ఆమె ఎప్పుడూ అక్కడే కత్తిరిస్తుంది. కత్తిరించి, దానికి వేరే ముక్క అతికిస్తుంది. కరెంటు పెట్టడం అయిపోతుంది, పైకి లేచిన చెయ్యి పైనే ఉంటుంది, ఆ చేత్తో తను మళ్ళీ నిచ్చెన ఎక్కుతుంది.

కర్టెన్లు వేలాడదీయడం వాళ్ళ పని. కొలత తీసి కుట్టేది ఆమె, గోడకి కన్నాలు వేసి రాడ్డు బిగించేది భర్త. ఊరంతా ఆయన్ని మేస్త్రీ అంటుంది. రాడ్డు బిగించి ఆయన నిచ్చెన దిగుతాడు, ఆమె ఎక్కుతుంది. హుక్కుల సంచి నడుముకి కట్టుకుని, గుడ్డ బరువంతా ఎడమ భుజం మీద వేసుకుని, కుడిచేత్తో ఒక్కొక్క హుక్కూ రింగులోకి దించడం. అన్నీ దించాక కిందికి వచ్చి, గది చివరికి నడిచి, వెనక్కి తిరిగి ఒక్కసారి చూడటం. ఆ చూపు కోసమే ఆమె ఈ పని చేస్తోంది. అంతవరకూ అది గుడ్డ, అప్పట్నుంచీ కర్టెన్. ఎవరింటికి వెళ్ళినా పైకప్పుకి దగ్గరగా ఉండే మనిషి తను. కింద నిచ్చెన పట్టుకుని నిలబడేది మేస్త్రీ.

ఆమె ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో మేస్త్రీ ఇల్లు దించేశాడు.

దానికి వేరే మాట లేదు. వంటింటి అరలు విప్పి నడుము ఎత్తున బిగించాడు. బట్టలారేసే తీగ ఛాతీ ఎత్తుకి వచ్చింది. అద్దం, గడియారం, తువ్వాలు తగిలించే కొక్కెం, చివరికి స్నానాలగదిలో సబ్బు పెట్టుకునే అర, అన్నీ తలా ఒక మెట్టు దిగాయి. పాత కన్నాలన్నిటికీ పుట్టీ పెట్టి, గరుకు కాయితంతో రుద్ది, ఇల్లంతా తెల్లరంగు వేశాడు. చెయ్యి తిరిగినవాడి పని. ఎక్కడ కన్నం ఉండేదో వేలితో తడిమినా తెలియదు. ఆమె ఇంట్లో అడుగుపెట్టిన రోజు ఆమె మొహం వంకే చూస్తూ, ఇక నువ్వు దేనికీ చెయ్యెత్తక్కర్లేదు అన్నాడు. ఆమెకి కళ్ళనీళ్ళు వచ్చాయి. సంతోషమనుకున్నాడు ఆయన. ఆమె కూడా అలాగే అనుకుంది.

తరవాత ఒకరోజు ఉప్పు డబ్బా తీసుకోబోతే చెయ్యి అలవాటుగా పైకి పోయింది, పాత అర ఉండే వైపు. సగం దాకా పోయి, అక్కడ తనకోసం ఏమీ లేదని తెలిసి, గాల్లో ఆగిపోయింది. వంగి చూస్తే ఉప్పు నడుము దగ్గర. బొమ్మరింట్లో కాపురం పెట్టినట్టుంది. ఆ రోజు మొదటిసారి ఆమెకి కోపం వచ్చింది, అయితే ఎవరి మీదో తెలియలేదు. ఎవరి మీదో తెలియని కోపం కడుపులో మంటలాంటిది, మందు వేసుకుంటే తగ్గినట్టే ఉంటుంది.

తమ కర్టెన్ల దుకాణంలోనూ అదే వరస. హుక్కుల సంచి ఆడపడుచు నడుముకి చేరింది. మేస్త్రీ చెల్లెలు చెడ్డది కాదు. చలాకీ మనిషి, నోరు కాస్త పెద్దది. మొదట్లో నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరిగేవి, ఇప్పుడు పైనుంచే ఫోన్లు మాట్లాడుతోంది. నువ్వు హాయిగా మిషన్ దగ్గర కూర్చో వదినా, ఎక్కడానికి కోతిని నేనున్నానుగా అంటుంది. ఆ మాటకి నవ్వాలి. ఆమె నవ్వింది. కానీ ఆడపడుచు ఒక రింగు విడిచి ఒక రింగుకి హుక్కు పెడుతుందని, అందుకే ఆ కర్టెన్లు నెల తిరక్కుండా మధ్యలో కుంగుతాయని కింద కూర్చున్నా తెలుసు ఆమెకి. చెబితే అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టుంటుంది. ఊరుకుంది.

ఊరుకోనిది ఒక్క విషయంలో. ఆడపడుచు దూదితో మెత్త ఒకటి కుట్టి తెచ్చింది, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారు, చొక్కా లోపల పెట్టుకో వదినా అని. ఆమె దాన్ని తీసుకుని, గుండుసూదులు గుచ్చుకోవడానికి మిషన్ పక్కన పెట్టుకుంది. ఆ సాయంత్రమే తన చొక్కాలన్నీ ముందేసుకుని, ఛాతీ దగ్గర గుడ్డని చిటికెడు మడిచి కుట్టే డాట్లు కుడిపక్క విప్పేసింది, ఎడమపక్క ఉంచింది. కుడిపక్క గుడ్డ చదునుగా, ఇస్త్రీ చేసినట్టు పడింది. ఉన్నది ఉన్నట్టు కుట్టడమే కదా తన వృత్తి. మర్నాడు కర్టెన్లకని వచ్చిన ఒకావిడ కళ్ళు అక్కడే తచ్చాడుతుంటే, కొలత కావాలంటే చెప్తానండీ అంది. ఆవిడ వెంటనే రంగుల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

అలాంటి మనిషి పొద్దున్నే గోడ ముందు నిలబడి, గీత దాటితే చిన్నపిల్లలా సంబరపడుతుంది. అదేమిటో.

ఆస్పత్రి రోజు తెల్లవారగానే బయల్దేరాల్సి రావడంతో గోడ ఎక్కలేదు. బల్ల ఇరుకుగా, చల్లగా ఉంది. అక్కడి అమ్మాయి నెమ్మదైన గొంతుతో చెయ్యి పైకి తీసుకురమ్మంది. ఆమె ధైర్యంగానే తీసుకెళ్ళింది. ఇన్ని వారాలు రోజుకింత ఎక్కిన చెయ్యి, ఆ లెక్కన ఈపాటికి పైకప్పు తాకాలి. చెవి దాకా కూడా పోలేదు. దారిలో బళ్ళు ఆపే పోలీసు చెయ్యిలా మొహం ముందు నిలబడిపోయింది. దన్ను ఎక్కడో వెనక ఉంది, ఇంకో ఊళ్ళో ఉన్నట్టు. అమ్మాయి మోచేతి కింద మెత్త పెట్టి చూసింది. ఇంకో మెత్త పెట్టింది. ఫరవాలేదమ్మా, చాలామందికి ఇలాగే అవుతుంది, వచ్చే వారం మళ్ళీ చూద్దాం, ఈలోపల వ్యాయామం మేడంని కలవండి అంది.

ఫరవాలేదు. ఈ మధ్య అందరూ ఆ మాటే ఆమె తల కింద దిండులా పెడుతున్నారు. ఎంత మెత్తగా ఉంటుందంటే దాని మీంచి లేవబుద్ధి కాదు.

గోడ మేడం ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, చర్మం కింది తీగ వెంబడి బొటనవేలితో నిమిరింది. పోయినసారి నా దగ్గర్నుంచి వెళ్ళిన చెయ్యి ఎలా వెళ్ళిందో అలాగే తిరిగి వచ్చింది, మానేశావా ఏమిటి, అని అడిగింది.

"ఇవాళ తప్ప ఒక్క పొద్దు కూడా మానలేదండీ. రోజూ గీత దాటుతున్నాను."

"దాటాక?"

"దాటాక ఏముంది, ఆగిపోతాను. కొత్త గీత పెట్టుకుని టీ తాగుతాను."

గోడ మేడం ఆమె చెయ్యి వదిలింది. "గీత రోజూ ఎక్కుతుంటే చెయ్యి ఇక్కడుండదు. చెయ్యి ఇక్కడే ఉందంటే, నువ్వు ఎక్కినంతా గీత దిగుతోందన్నమాట. నన్నడక్కు, ఇంటికెళ్ళి గోడనే అడుగు."

తరవాత ఆమెని అక్కడి గోడ ముందు నిలబెట్టింది. ఊపిరి వదులుతూ ఎక్కమంది. తీగ బిగిసినచోట దిగిపోకుండా, అక్కడే ఉండి నెమ్మదిగా ఊపిరి తీసుకోమంది. బిగువు కాస్త సడలినట్టనిపిస్తే మళ్ళీ ఎక్కమంది. ఎక్కడ ఆగాలో చెప్పే గీత ఆ గోడ మీద లేదు. రోజూ ఆగేచోటు వచ్చింది, అక్కడ కాసేపు నిలబడింది, నిలబడితే తీగ తెగిపోలేదు, ప్రపంచం మునిగిపోలేదు. వేళ్ళు ఇంకాస్త పోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి నొప్పివి కావు. చూశావా, నీ దగ్గర ఇంకా ఉంది, వాడటం లేదంతే, అంది గోడ మేడం. వారంలో చెయ్యి దన్ను మీద పడుతుందని మాట ఇవ్వనంది. పడకపోవడానికి కారణం మాత్రం తనకి కనబడటం లేదంది.

బస్సులో అందరి చేతులూ పైకే ఉన్నాయి. పైనున్న పట్టీలు పట్టుకుని, ఎవరికీ తాము చేస్తున్నది గొప్ప పని అని తెలియకుండా, నిద్రమొహాలతో ఊగుతున్నారు. ఎడమచేత్తో పట్టుకుని ఆమె కూడా ఊగింది. గోడ మేడం మాట తలలో తిరుగుతోంది. గీత దిగుతోంది. గీతకి కాళ్ళు లేవు. దించినది ఎవరో ఆమెకి బస్సు ఎక్కకముందే తెలిసిపోయింది. తెలిసినదాన్ని తెలియనట్టుగా, చంటిపిల్లని లేపకుండా మోసుకెళ్ళినట్టు, ఇంటిదాకా మోసుకెళ్ళింది.

ఇంట్లో ఎవరూ లేరు. ఆమె గోడ దగ్గరికి వెళ్ళలేదు. గదికి అటు చివర నిలబడి, కర్టెన్ కట్టాక చూసినట్టు, వెనక్కి తిరిగి ఒక్కసారి చూసింది. ఇన్ని వారాల్లో ఆ గోడని అంత దూరం నుంచి చూడటం అదే మొదలు. తెల్లటి గోడ మధ్యలో ఒక్కటే నీలం గీత. దాని పైన శుభ్రంగా ఏమీ లేదు. దాని చుట్టూ మాత్రం జానెడు మేర చెరిపిన మరకలు, ఒకదాని మీద ఒకటి, లేత నీలం మబ్బులా. పైకి పోయిన దారి లేదు. గానుగెద్దు తిరిగినంత మేరా అరిగిన నేలలా, ఒక్కచోటే.

ఇంకోటి కూడా కనబడింది. ఆ గీత తిన్నగా ఉంది.

ఆమె వెళ్ళి మేస్త్రీ పనిసంచి తెరిచి రసమట్టం తీసింది. బిగించిన రాడ్డు ఏ పక్కకైనా వాలిందేమో చూడటానికి ఆయన పెట్టేది. గాజుగొట్టంలో బుడగ మధ్యలో నిలబడితే తిన్నగా ఉన్నట్టు. దాన్ని గీత కింద ఆనించింది. బుడగ అటూ ఇటూ ఒకసారి ఊగి, నడిమధ్యకి వచ్చి కూర్చుంది.

కుడిచెయ్యి పైన గోడకి అతుక్కుని ఉండగా, మెడ వంచి, కనబడీ కనబడని చోట ఎడమచేత్తో పెట్టిన గీత. అది తిన్నగా ఎలా ఉంటుంది? ఆమె సుద్దబిళ్ళ తీసి పక్కనే ఎడమచేత్తో ఇంకో గీత గీసింది. రసమట్టం ఆనించింది. బుడగ జారి ఒక మూలకి పోయింది.

మరి రోజూ పొద్దున ఇదే గీత ముందు నిలబడింది కదా, ఎప్పుడూ కనబడలేదా? మిషన్ మీద కుట్టు దారపు పోగంత వాలినా పసిగట్టే కళ్ళు. కనబడే ఉంటుంది. తనలో ఒకతె చూసే ఉంటుంది, రెండోది దాని నోరు మూసి టీకి పంపేసి ఉంటుంది. ఆ రెండోదాన్ని ఆమె ఇప్పుడు కాస్త పరీక్షగా చూసింది. చెడ్డది కాదు. అలిసిపోయింది, అంతే. అలిసిపోయినదాన్ని పక్కన కూర్చోబెట్టొచ్చు. కొలతలు మాత్రం దాని చేతికి ఇవ్వకూడదు.

కోపం ఎవరి మీదో ఇప్పుడు తెలిసింది. తెలిసిన కోపం ఒంటికి మంచిది. ఆమె మొహం కడుక్కుని, తల దువ్వుకుని, రసమట్టం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం మేస్త్రీ వస్తూనే ఆస్పత్రి సంగతి అడిగాడు. చెప్పింది. చెయ్యి దన్ను దాకా పోలేదని, వచ్చే వారానికి వాయిదా వేశారని. ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు, ఒక చెప్పు విప్పి, ఒకటి విప్పకుండా.

"ఆ గీత ఎవరిది?" అంది ఆమె.

"నీదే."

"నాది అంత తిన్నగా ఉండదు, మేస్త్రీ."

కోపం వచ్చినప్పుడే ఆమె ఆయన్ని ఊళ్ళోవాళ్ళలా పిలుస్తుంది. ఆయన గోడ వంక చూశాడు, పక్కనున్న వంకర గీత వంక చూశాడు, ఆమె ఒళ్ళో ఉన్న రసమట్టం వంక చూశాడు. ఇంక దాచేందుకు ఏమీ లేదు. తిన్నగా గీయడం తప్ప మరోటి తెలియని చెయ్యి అది. దొంగతనానికి వెళ్ళి కూడా మట్టం చూసుకుని వచ్చింది.

కాసేపటికి రెండో చెప్పు కూడా విప్పి, వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"గీత దాటని రోజు నువ్వెలా ఉండేదానివో నీకు తెలీదు. టీ పెట్టింది పెట్టినట్టే చల్లారిపోయేది. నాతో మాట్లాడవు. గోడవైపు తిరిగి పడుకునేదానివి. ఒకరోజు చూడలేక వేలెడు దించాను. ఆ పొద్దున దాటావు. దాటి నవ్వావు. నువ్వు నవ్వాక మర్నాడు దించకుండా ఎలా ఉండమంటావు?"

ఆమె ఆ మాట నిజమేనని తెలుసుకుంది. నిజం కాకపోతే బాగుండేది, తిట్టడానికి వీలుగా ఉండేది. తను నిద్రపోయాక ఈయన చప్పుడు కాకుండా లేచి, తడిగుడ్డతో గీత తుడిచి, సుద్దబిళ్ళ వెతుక్కుని, ఇంత కిందికి ఇంకోటి గీసి, వేలికంటిన నీలం కడుక్కుని వచ్చి పడుకోవడం ఆమెకి కళ్ళకి కట్టినట్టు కనబడింది. జాలి వేసింది. ఆ జాలిని కూడా ఆమె అక్కడే కత్తిరించింది.

"అరలు దించారు, తీగ దించారు, అద్దం దించారు. ఊరుకున్నాను. గీత కూడా దించేస్తే ఇంక నేను ఎక్కేదెక్కడికి?"

"నువ్వు నొప్పి పడుతుంటే..."

"నొప్పి నాది. దాటలేకపోతే ఆ ఓటమీ నాదే. అది కూడా మీరే నా బదులు పడిపెడితే నాకంటూ మిగిలేదేమిటి? గోడకి కన్నాలు పడితే పుట్టీ పెట్టుకోండి, వద్దనను. నాకు పెట్టొద్దు."

ఆయన తల వంచుకున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ మీద ఒక్కసారైనా చెయ్యెత్తానా అని గొణిగాడు, ఏమీ తోచనప్పుడు మగవాళ్ళు అనేలాంటి మాట. నేనూ ఎత్తలేదు, ఎత్తేదాకా వదలను చూసుకోండి, అంది ఆమె. ఆయనకి నవ్వు వచ్చింది. నవ్వొచ్చో లేదో తెలియక సగంలో ఆపేశాడు.

రేపు అరలు పాత చోటికి ఎక్కించమంది. అద్దం కూడా, తీగ కూడా. అందవు కదా అన్నాడు.

"అందకపోతేనే కదా చెయ్యి చాచేది."

హుక్కుల సంచి అరువిచ్చానే కానీ ఇచ్చెయ్యలేదని మీ చెల్లెలికి చెప్పండి అంది. నా సంచి కట్టుకున్నన్నాళ్ళూ ప్రతి రింగుకీ ఒక హుక్కు పెట్టమని కూడా చెప్పండి. ఆ మాట నేను చెబితే కోపం వస్తుందేమో అన్నాడు ఆయన. రానివ్వండి, కోపం ఒంటికి మంచిది అంది.

అప్పుడు లేచి, తడిగుడ్డ తెచ్చి గోడ తుడిచింది. ఆయన తిన్నని గీత పోయింది, తను ఇందాక గీసిన వంకర గీత పోయింది, మబ్బులా ఉన్న మరకలు పోయాయి. గోడ తెల్లగా, దేనికీ సాక్ష్యం చెప్పనట్టు నిలబడింది. ఆమె దాని ముందు నిలబడి వేళ్ళు ఆనించింది. చూపుడువేలు, మధ్యవేలు. ఊపిరి వదులుతూ ఎక్కింది. తీగ బిగిసింది. దిగలేదు. అక్కడే నిలబడి ఊపిరి తీసుకుంది, వదిలింది. వెనక మేస్త్రీ కూడా ఊపిరి బిగబట్టాడని తెలుస్తోంది. ఈయన బిగబట్టి నాకేం లాభం అనుకుంది. వేళ్ళు ఇంకాస్త పోయాయి. ఇంకొంచెం. ఇక పొడుస్తుంది అన్నచోట ఆగింది. చెరిపేసిన గీత కన్నా ఇది పైనో కిందో తెలియదు. తెలియక్కర్లేదు. ఇక్కడి గుర్తు ఇక్కడే ఉండాలి, అంతే.

అలవాటుగా ఎడమచెయ్యి జేబులోకి పోయి సుద్దబిళ్ళని తాకింది. తాకి, దాన్ని అక్కడే వదిలేసింది.

"ఒక మేకు ఇవ్వండి."

"మేకెందుకు?"

"సుద్ద చెరిగిపోతుంది. మేకు దించితే కన్నం మిగులుతుంది."

మేస్త్రీ తను వేసిన తెల్లరంగుని ఒకసారి కింది నుంచి పైదాకా చూసుకున్నాడు. పనిసంచిలో వెతికి సన్నటి మేకు ఒకటి తెచ్చాడు, సుత్తి తెచ్చాడు. అలవాటుకొద్దీ తనే కొట్టబోతూ ముందుకి వచ్చాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే ఎడమచెయ్యి చాచింది. ఆయన మేకు ఆ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పైనున్న వేళ్ళకి అందించింది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ, అంత ఎత్తున మేకుని గోడకి నిలబెట్టాయి. చంకలో తీగ లాగుతోంది. లాగనీ. మళ్ళీ ఎడమచెయ్యి చాచింది. ఆయన సుత్తి ఇచ్చి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

మొదటి దెబ్బకి తెల్లరంగు పెచ్చు ఒకటి లేచి ఆమె చెంప మీద పడింది. మేకు వంకరగా దిగుతోంది. కుడిచెయ్యి దించకుండానే, ఆమె ఇంకో దెబ్బ కొట్టింది.